గృహ శుభ్రతా ఉత్పత్తుల ఎగుమతి నిబంధనలు

గృహ శుభ్రతా ఉత్పత్తుల ఎగుమతి నిబంధనలు అనగా బట్టల సబ్బులు, డిటర్జెంట్ పొడులు, అంట్లు తోమే ద్రవాలు, నేల తుడిచే ద్రవాలు, ఫినాయిల్, మరుగుదొడ్డి శుభ్రపరచే ఆమ్ల ద్రావణాలు, బ్లీచింగ్ ద్రావణాలు మొదలైన వాటిని ఒక దేశం నుండి మరొక దేశానికి అమ్మకానికి పంపునపుడు పాటించవలసిన చట్టపరమైన నియమాలు. ఈ వ్యాసం ప్రధానంగా భారతదేశం నుండి ఐరోపా సమాఖ్యకు, అమెరికా సంయుక్త రాష్ట్రాలకు, గల్ఫ్ దేశాలకు జరిగే ఎగుమతులను గురించి వివరిస్తుంది.

ఈ వస్తువులు చూడటానికి సామాన్యమైనవే అయినా చట్టం దృష్టిలో ఇవి రసాయన మిశ్రమాలు. ఒకే సీసాలోని ద్రవం, దానిపై వ్రాసిన మాటలను బట్టి, చేరే దేశాన్ని బట్టి వేర్వేరు చట్టాల పరిధిలోకి వస్తుంది. "మురికిని తొలగిస్తుంది" అని వ్రాసిన ద్రవానికి ఒక చట్టం, "క్రిములను చంపుతుంది" అని వ్రాసిన ద్రవానికి మరొక చట్టం వర్తిస్తాయి. ఎగుమతిదారు మొదట తేల్చుకోవలసిన విషయం ఇదే.

నేపథ్యం

రెండవ ప్రపంచ యుద్ధం తరువాత సబ్బు స్థానంలో కృత్రిమ డిటర్జెంట్ల వాడకం వేగంగా పెరిగినది. ఆనాటి డిటర్జెంట్లలో వాడిన శాఖాయుత ఆల్కైల్ బెంజీన్ సల్ఫొనేట్ నీటిలోని సూక్ష్మజీవులకు తేలికగా లొంగేది కాదు. ఫలితంగా 1950లలో ఐరోపా, అమెరికాలలోని నదులపైన, మురుగునీటి శుద్ధి కేంద్రాలలోను నురుగు గుట్టలుగా పేరుకున్నది. పశ్చిమ జర్మనీ 1961లో డిటర్జెంట్ చట్టాన్ని చేసినది. తయారీదారులు క్రమంగా తేలికగా విచ్ఛిన్నమయ్యే సరళ ఆల్కైల్ బెంజీన్ సల్ఫొనేట్‌కు మారారు. భారతదేశంలో చిన్న తయారీదారులు "యాసిడ్ స్లర్రీ" అని పిలిచే ముడిసరుకు ఈ సరళ రకానికి చెందిన ఆమ్లమే.

డిటర్జెంట్లలోని ఫాస్ఫేట్లు చెరువులలో, సరస్సులలో నాచు విపరీతంగా పెరగడానికి కారణమవుతాయని 1960లలో గుర్తించారు. ఉత్తర అమెరికాలోని ఈరీ సరస్సు ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ.

ఇంటిలోని ప్రమాదాల నుండి పుట్టిన చట్టాలు మరికొన్ని. పిల్లలు కాస్టిక్ సోడా, ఫర్నిచర్ పాలిష్ వంటివి త్రాగి గాయపడటం, మరణించడం వలన అమెరికాలో 1960లో ప్రమాదకర పదార్థాల చట్టం, 1970లో విషప్రమాద నివారణ ప్యాకేజింగ్ చట్టం వచ్చాయి. దక్షిణ కొరియాలో గదిలో తేమను పెంచే యంత్రాల నీటితొట్టిలో కలిపే క్రిమిసంహారిణులను 1994 నుండి అమ్మారు. వాటి ఆవిరిని పీల్చినవారికి ఊపిరితిత్తులు తీవ్రంగా దెబ్బతింటున్నట్లు 2011లో బయటపడినది. వందలాది మంది మరణించారు. మృతులలో శిశువులు, గర్భిణులు కూడా ఉన్నారు. చర్మానికి తగిలితే అంతగా హాని చేయదని భావించిన పదార్థం శ్వాసలోకి వెళ్ళినపుడు ఏమవుతుందో అమ్మకానికి ముందు పరీక్షించకపోవడం ఈ విషాదానికి ముఖ్య కారణం. ఆ తరువాత ఆ దేశం గృహ రసాయనాలకు, బయోసైడ్లకు ప్రత్యేక చట్టం చేసి 2019 జనవరి 1 నుండి అమలులో పెట్టినది.

వస్తువు వర్గీకరణ

అంతర్జాతీయ వాణిజ్యంలో ప్రతి వస్తువుకు హెచ్.ఎస్. కోడ్ అనే సంఖ్య ఉంటుంది. సుంకం, అనుమతులు, ఒప్పందాల క్రింద లభించే రాయితీలు ఈ సంఖ్యపై ఆధారపడి ఉంటాయి. శుభ్రతా ఉత్పత్తులకు సంబంధించిన ముఖ్యమైన శీర్షికలు ఇవి:

* 3401 - సబ్బులు
* 3402 - సబ్బు కాని డిటర్జెంట్లు, బట్టలు ఉతికే, శుభ్రపరచే మిశ్రమాలు
* 3405 - పాలిష్‌లు, తోమే పొడులు, తోమే ముద్దలు
* 3808 - క్రిమిసంహారిణులు, కీటకనాశినులు
* 2828 - హైపోక్లోరైట్లు
* 3307 - గదులకు వాడే సువాసన ద్రవ్యాలు, అగరువత్తులు

కోడ్‌ను నిర్ణయించడంతో పని పూర్తి కాదు. సుంకం కోసం 3402 క్రింద ప్రకటించిన ద్రవంపై "99.9 శాతం క్రిములను నశింపజేస్తుంది" అని వ్రాసి ఉంటే, దిగుమతి చేసుకునే దేశం దానిని క్రిమిసంహారిణిగా పరిగణించి అందుకు తగిన అనుమతిని అడుగుతుంది.

భారతదేశంలో పూర్తి చేయవలసినవి

విదేశీ వాణిజ్య (అభివృద్ధి, నియంత్రణ) చట్టం, 1992 ప్రకారం ఎగుమతిదారుకు దిగుమతి-ఎగుమతి కోడ్ ఉండవలెను. దీనిని విదేశీ వాణిజ్య డైరెక్టర్ జనరల్ కార్యాలయం జారీ చేస్తుంది. 2017లో వస్తు సేవల పన్ను అమలులోకి వచ్చినప్పటి నుండి సంస్థ పాన్ సంఖ్యయే ఈ కోడ్‌గా ఉన్నది. ఎగుమతులు సున్నా రేటు పన్ను క్రిందకు వస్తాయి. ఎగుమతిదారు హామీపత్రం ఇచ్చి పన్ను చెల్లించకుండా సరుకు పంపవచ్చు, లేదా పన్ను చెల్లించి తరువాత వాపసు కోరవచ్చు.

బ్యాంకు ఇచ్చే ఏ.డి. కోడ్‌ను సరుకు వెళ్ళే రేవులోని కస్టమ్స్ వద్ద నమోదు చేయించాలి. ఇన్వాయిస్, ప్యాకింగ్ జాబితాలతో షిప్పింగ్ బిల్లును ఐస్‌గేట్ అనే కస్టమ్స్ పోర్టల్ ద్వారా దాఖలు చేస్తారు. చాలామంది ఈ పనిని కస్టమ్స్ బ్రోకరుకు అప్పగిస్తారు. సబ్బులు, సౌందర్య సాధనాలు, ప్రాథమిక రసాయనాల ఎగుమతులను ప్రోత్సహించడానికి 1963లో ఏర్పడిన కెమెక్సిల్ అనే మండలి ముంబయి కేంద్రంగా పనిచేస్తుంది.

దేశంలోపల అమ్మే వస్తువులకు భారతీయ ప్రమాణాలు ఉన్నాయి. ఉదాహరణకు ఫినాయిల్ వంటి క్రిమిసంహారక ద్రవాలకు ఐ.ఎస్. 1061, ఇంటి డిటర్జెంట్ పొడులకు ఐ.ఎస్. 4955 వర్తిస్తాయి. ఔషధ, సౌందర్య సాధనాల నియమాలు, 1945లోని ఓ షెడ్యూలు కూడా క్రిమిసంహారక ద్రవాలకు ప్రమాణాలను పేర్కొన్నది. అయితే ఈ ప్రమాణాలకు సరితూగినంత మాత్రాన సరుకును విదేశంలో అమ్మడానికి అర్హత రాదు. గమ్యదేశపు చట్టమే ప్రధానం.

ఐరోపా సమాఖ్య

డిటర్జెంట్ల నియమం

2004 మార్చి 31న చేసిన 648/2004 సంఖ్య గల నియమం 2005 అక్టోబరు 8 నుండి అమలులోకి వచ్చినది. డిటర్జెంట్‌లో జిడ్డును నీటితో కలిపే పదార్థాలను సర్ఫాక్టెంట్లు అంటారు. ఈ నియమం ప్రకారం వాటిలో ప్రతి ఒక్కటి నీటిలోని సూక్ష్మజీవుల వలన పూర్తిగా విచ్ఛిన్నం కావలెను. కార్బన్ డయాక్సైడ్ వెలువడటాన్ని బట్టి కొలిచే పరీక్షలో 28 రోజులలో కనీసం 60 శాతం విచ్ఛిన్నం జరగాలి. పరీక్ష ఒక్కొక్క సర్ఫాక్టెంట్‌కు సంబంధించినది, తయారైన సరుకుకు కాదు. అందువలన చిన్న తయారీదారు తనకు ముడిసరుకు అమ్మే సంస్థ నుండి పరీక్షా నివేదికను సంపాదించి భద్రపరచుకుంటే సరిపోతుంది.

ఫాస్ఫరస్‌పై పరిమితిని 2012లో చేర్చారు. ఇంటిలో బట్టలుతికే డిటర్జెంట్‌లో ఒక్క వాయికి వాడే ప్రామాణిక మోతాదులో ఫాస్ఫరస్ 0.5 గ్రాములకు మించరాదు. ఇది 2013 జూన్ 30 నుండి అమలైనది. అంట్లు తోమే యంత్రాలలో వాడే డిటర్జెంట్లకు 0.3 గ్రాముల పరిమితి 2017 జనవరి 1 నుండి ఉన్నది.

లేబుల్‌పై ముఖ్యమైన పదార్థాలను 5 శాతానికి తక్కువ, 5 నుండి 15, 15 నుండి 30, 30 శాతం ఆపైన అనే శ్రేణులలో చూపాలి. ఎంజైములు, నిల్వకారకాలు, తెలుపుదనం పెంచే పదార్థాలు, సువాసన ద్రవ్యాలు ఎంత కొద్దిగా ఉన్నా పేర్కొనాలి. ఎలర్జీ కలిగించేవిగా గుర్తించిన సువాసన ద్రవ్యాలు 0.01 శాతం మించితే వాటిని విడివిడిగా పేర్లతో వ్రాయాలి. ఈ నియమం ప్రకారం తయారీదారు ఐరోపా సమాఖ్యలోనే స్థాపితమై ఉండాలి. బయటి నుండి వచ్చే సరుకు విషయంలో దిగుమతిదారునే తయారీదారుగా పరిగణిస్తారు. ఈ నియమం స్థానంలో కొత్త నియమాన్ని తేవాలని ఐరోపా కమిషన్ 2023 ఏప్రిల్‌లో ప్రతిపాదించినది. కనుక సరుకు పంపే నాటికి అమలులో ఉన్న పాఠాన్ని చూచుకోవడం అవసరం.

రీచ్

2007 జూన్ 1న అమలులోకి వచ్చిన రీచ్ నియమం ప్రకారం సంవత్సరానికి 1 టన్ను లేదా అంతకు మించి దిగుమతి అయ్యే ప్రతి రసాయన పదార్థాన్ని హెల్సింకీలోని ఐరోపా రసాయనాల సంస్థ వద్ద నమోదు చేయించాలి. ఇక్కడ లెక్క సరుకు మొత్తానికి కాదు, అందులోని ఒక్కొక్క పదార్థానికి. ఉదాహరణకు 20 టన్నుల అంట్లు తోమే ద్రవంలో ఒక సర్ఫాక్టెంట్ 10 శాతం ఉంటే ఆ పదార్థం 2 టన్నులు అవుతుంది. ఒక్క కంటైనరుతోనే నమోదు పరిమితి దాటినట్లు. అదే ద్రవంలో 0.1 శాతం ఉన్న నిల్వకారకం 20 కిలోలే కనుక దానికి ఈ నమోదు అక్కరలేదు. కొన్ని పదార్థాలకు, పాలిమర్లకు మినహాయింపులు ఉన్నాయి.

భారతదేశంలోని తయారీదారు స్వయంగా నమోదు చేయలేడు. దిగుమతిదారు నమోదు చేయాలి, లేదా తయారీదారు ఐరోపాలో "ఏకైక ప్రతినిధి"ని నియమించుకోవాలి. దిగుమతిదారు పేరున నమోదు జరిగితే, ఆ దిగుమతిదారును వదలి మరొకరికి అమ్మదలచినపుడు ఆ కొత్త దిగుమతిదారు తన పేరున మళ్ళీ నమోదు చేయించవలసి వస్తుంది. ప్రతినిధి ద్వారా చేస్తే ఈ ఇబ్బంది ఉండదు, కానీ ఖర్చు తయారీదారుపై పడుతుంది.

వర్గీకరణ, లేబులింగ్

ఐక్యరాజ్యసమితి 2003లో ప్రచురించిన జి.హెచ్.ఎస్. పద్ధతి ఆధారంగా ఐరోపా 2008లో సి.ఎల్.పి. నియమాన్ని చేసినది. మిశ్రమాలకు ఇది 2015 జూన్ 1 నుండి పూర్తిగా వర్తిస్తున్నది. ఎర్రని అంచు గల వజ్రాకారపు గుర్తులు, హెచ్చరిక పదం, ప్రమాద వాక్యాలు, జాగ్రత్త వాక్యాలు అమ్మే దేశపు భాషలో ఉండాలి. చర్మాన్ని దహించే ద్రవాలను సామాన్య వినియోగదారులకు అమ్మునపుడు పిల్లలు తెరవలేని మూత, చూపులేనివారు తాకి గుర్తించగల త్రికోణపు గుర్తు ఉండవలెను.

నీటిలో కరిగే పొరలో నింపిన డిటర్జెంట్ గుళికలను పిల్లలు మిఠాయి అనుకొని కొరకడం వలన జరిగిన ప్రమాదాల దృష్ట్యా 2014లో ప్రత్యేక నియమాలు చేర్చారు. ఆ పొర 20 డిగ్రీల సెల్సియస్ నీటిలో కనీసం 30 సెకన్లు నిలవాలి. 300 న్యూటన్ల ఒత్తిడికి తట్టుకోవాలి. నోటిలో పెట్టుకున్న వెంటనే ఉమ్మివేయించే చేదు పదార్థం అందులో ఉండాలి. బయటి డబ్బా లోపలి గుళికలు కనపడకుండా ఉండాలి.

ఆరోగ్యానికి హానికరమైన, లేదా మంట, పేలుడు వంటి భౌతిక ప్రమాదం గల మిశ్రమాల వివరాలను విష చికిత్సా కేంద్రాలకు ముందుగా తెలియజేయాలి. ఇది గృహోపయోగ మిశ్రమాలకు 2021 జనవరి 1 నుండి మొదలైనది. లేబుల్‌పై 16 అక్షరాల, అంకెల సంకేతం ముద్రిస్తారు. బిడ్డ ఏదైనా త్రాగినపుడు తల్లిదండ్రులు ఫోనులో ఆ సంకేతం చెబితే సీసాలో ఏమున్నదో వైద్యుడికి వెంటనే తెలుస్తుంది. ఈ సమాచారం ఇవ్వవలసినది కూడా ఐరోపాలోని దిగుమతిదారే.

బయోసైడ్లు

క్రిములను చంపడానికి, అరికట్టడానికి ఉద్దేశించిన ఉత్పత్తులకు 528/2012 నియమం 2013 సెప్టెంబరు 1 నుండి వర్తిస్తున్నది. ఇందులో 22 రకాల ఉత్పత్తులు ఉన్నాయి. ఇళ్ళలోని నేలలు, గోడలు, మరుగుదొడ్లకు వాడే క్రిమిసంహారిణులు రెండవ రకంలోకి వస్తాయి. అందులోని క్రియాశీల పదార్థం ఐరోపా స్థాయిలో పరిశీలింపబడి ఉండాలి. దానిని సరఫరా చేసే సంస్థ, లేదా ఆ ఉత్పత్తిని అమ్మే సంస్థ, అధికారిక జాబితాలో ఉండాలి. ఆపై ఉత్పత్తికి విడిగా అనుమతి పొందాలి. ఇది డిటర్జెంట్ లేబుల్ తయారుచేయడం కంటె ఎంతో ఎక్కువ కాలం, ధనం పట్టే పని.

అమెరికా సంయుక్త రాష్ట్రాలు

సామాన్యమైన శుభ్రతా ఉత్పత్తులను వినియోగదారు ఉత్పత్తుల భద్రతా కమిషన్ పర్యవేక్షిస్తుంది. 1960 నాటి చట్టం ప్రకారం ప్రమాదకరమైన వస్తువు లేబుల్‌పై "డేంజర్", "వార్నింగ్", "కాషన్" అనే పదాలలో తగినది, ప్రమాదానికి కారణమైన పదార్థం పేరు, ప్రథమ చికిత్స, పిల్లలకు అందకుండా ఉంచమనే హెచ్చరిక ఆంగ్లంలో ఉండాలి.

1970 చట్టం క్రింద కొన్ని పదార్థాలకు పిల్లలు తెరవలేని ప్యాకింగు తప్పనిసరి. ఉదాహరణకు 2 శాతం లేదా అంతకు మించి కాస్టిక్ సోడా గల గృహోపయోగ ద్రవాలు ఈ కోవలోకి వస్తాయి. మూతను నిజంగా పిల్లల చేతికే ఇచ్చి పరీక్షిస్తారు. అయిదేళ్ళ లోపు పిల్లలలో కనీసం 85 శాతం మంది మొదటి 5 నిమిషాలలో మూతను తెరవలేకపోవాలి. తెరిచే విధానం చూపించిన తరువాత కూడా కనీసం 80 శాతం మంది తెరవలేకపోవాలి. అదే మూతను పెద్దవారు సులభంగా తీయగలగాలి.

క్రిములను చంపుతుందని చెప్పే ఏ ఉత్పత్తి అయినా అమెరికాలో "పెస్టిసైడ్"గా పరిగణింపబడుతుంది. దీనికి 1947 నాటి ఫిఫ్రా చట్టం వర్తిస్తుంది. పర్యావరణ పరిరక్షణ సంస్థ వద్ద ఉత్పత్తి నమోదు, తయారీ కర్మాగారం నమోదు అవసరం. కర్మాగారం తెలుగు నేలపై ఉన్నా ఈ నమోదు తప్పదు. సరుకు రేవుకు చేరేలోగా రాక సమాచార పత్రాన్ని కూడా సమర్పించాలి.

రాష్ట్రాలకు సొంత చట్టాలు ఉన్నాయి. కాలిఫోర్నియా 2017లో చేసిన చట్టం ప్రకారం శుభ్రతా ఉత్పత్తులలోని పదార్థాలను 2020 నుండి వెబ్‌సైటులోను, 2021 నుండి లేబుల్‌పైన వెల్లడించాలి. న్యూయార్క్ రాష్ట్రంలో గృహ శుభ్రతా ఉత్పత్తులలో 1,4-డయాక్సేన్ అనే పదార్థం 2023 చివరి నుండి పది లక్షల భాగాలలో 1 భాగానికి మించరాదు. ఈ పదార్థాన్ని ఎవరూ కావాలని కలపరు. అంట్లు తోమే ద్రవాలలో విరివిగా వాడే సోడియం లారెత్ సల్ఫేట్ తయారీలో ఇది ఉప ఉత్పత్తిగా పుడుతుంది. కనుక ముడిసరుకు కొనేటప్పుడే దీని పరిమాణాన్ని పరీక్షించిన పత్రం అడగాలి.

గల్ఫ్ దేశాలు

గల్ఫ్ దేశాలలో లేబుల్ అరబిక్ భాషలో ఉండటం ముఖ్యమైన షరతు. సౌదీ అరేబియాకు పంపే సరుకుకు సాబర్ అనే ఆన్‌లైన్ వేదిక ద్వారా ఉత్పత్తికి ఒకటి, ప్రతి రవాణాకు ఒకటి చొప్పున ధ్రువపత్రాలు తీసుకుంటారు. దుబాయిలో అమ్మే డిటర్జెంట్లను, క్రిమిసంహారిణులను దుబాయి మునిసిపాలిటీ మొంతాజీ వ్యవస్థలో నమోదు చేస్తారు. భారత్, యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ మధ్య 2022 మే 1న అమలులోకి వచ్చిన ఆర్థిక భాగస్వామ్య ఒప్పందం క్రింద సుంకం రాయితీ కోరేవారు మూలదేశ ధ్రువపత్రం జతపరచాలి.

రవాణా

బ్లీచింగ్ ద్రావణాలు, ఆమ్లాలు ఓడ ప్రయాణంలో ప్రమాదకర సరుకులు. వీటికి అంతర్జాతీయ సముద్ర ప్రమాదకర సరుకుల నియమావళి వర్తిస్తుంది. ఇది 2004 జనవరి 1 నుండి తప్పనిసరి అయినది. హైపోక్లోరైట్ ద్రావణానికి యూ.ఎన్. 1791, హైడ్రోక్లోరిక్ ఆమ్లానికి యూ.ఎన్. 1789, ఒత్తిడితో నింపిన స్ప్రే డబ్బాలకు యూ.ఎన్. 1950 అనే సంఖ్యలు ఉన్నాయి. మొదటి రెండూ ఎనిమిదవ తరగతి, అనగా దహించే పదార్థాలు. బ్లీచింగ్ ద్రావణం, ఆమ్లం కలిస్తే విషపూరితమైన క్లోరిన్ వాయువు వెలువడుతుంది. కనుక ఒకే కంటైనరులో ఏ సరుకు ప్రక్కన ఏది పెట్టారన్నది చిన్న విషయం కాదు. సరుకు స్వభావాన్ని దాచి సాధారణ సరుకుగా ప్రకటించడం ఓడ సిబ్బంది ప్రాణాలకే ముప్పు.

చిన్న సీసాలను అట్టపెట్టెలలో సర్ది పంపునపుడు "పరిమిత పరిమాణం" అనే సడలింపు కొన్ని పదార్థాలకు లభిస్తుంది. అది లేనపుడు ఐక్యరాజ్యసమితి గుర్తు గల పరీక్షించిన ప్యాకింగు వాడాలి. ఇటువంటి పరీక్షలను నిర్వహించే భారతీయ ప్యాకేజింగ్ సంస్థకు హైదరాబాదులోను కేంద్రం ఉన్నది. సరుకు క్రింద వాడే చెక్క పలకలను 56 డిగ్రీల వేడిలో 30 నిమిషాలు ఉంచడం వంటి ఆమోదిత పద్ధతిలో శుద్ధిచేసి ముద్ర వేయించాలి. సరుకు ఎంత సక్రమంగా ఉన్నా ఈ ముద్ర లేని చెక్క వలన కంటైనరు ఆగిపోవచ్చు.

ప్రతి రసాయన సరుకుతోపాటు 16 భాగాల భద్రతా సమాచార పత్రం ఉండటం అవసరం. ఇతరుల పత్రాన్ని నకలు చేసి పేరు మార్చి జతపరచే అలవాటు ప్రమాదకరమైనది. మంటలు వచ్చినపుడు ఏమి చల్లాలో, ఒలికినపుడు ఏమి చేయాలో ఆ పత్రాన్ని చూచే నిర్ణయిస్తారు.

ఉదాహరణ: ఫినాయిల్

ఒక చిన్న పరిశ్రమ తెల్ల ఫినాయిల్‌ను ఐరోపాకు పంపదలచినదనుకుందాం. మన దేశంలో అది నేల తుడిచే సామాన్యమైన వస్తువు. ఐరోపాలో దానిని "క్రిమిసంహారిణి" అని అమ్మితే బయోసైడ్ అనుమతి కావాలి. లేబుల్ నుండి ఆ మాటను తొలగించినంత మాత్రాన సమస్య తీరదు. క్రిములను చంపడమే ఆ పదార్థపు ఉద్దేశమని కూర్పును బట్టి తెలిస్తే అధికారులు దానిని బయోసైడ్‌గానే చూడవచ్చు. అమెరికాలోనూ ఉద్దేశమే ప్రధానం. అందువలన ఆ పరిశ్రమకు రెండు మార్గాలు ఉంటాయి. అనుమతికి కావలసిన ఖర్చు భరించడం ఒకటి. క్రిమిసంహారక పదార్థం లేకుండా, కేవలం శుభ్రపరచే ద్రవంగా కొత్త కూర్పు తయారుచేయడం రెండవది. చిన్న సంస్థలకు రెండవది సాధ్యమైన మార్గం.

సహజ పదార్థాలు

కుంకుడుకాయ, సీకాయలతో చేసిన ఉత్పత్తులకు విదేశాలలో ఆదరణ ఉన్నది. సహజమైనవి కనుక వీటికి నియమాలు వర్తించవని కొందరు భావిస్తారు. అది సరి కాదు. కుంకుడు రసం కంటిలో పడితే ఎంత మండుతుందో తలంటు పోసుకున్న ప్రతివారికీ తెలుసు. వర్గీకరణ నియమాలు పదార్థం చేసే హానిని చూస్తాయి గాని అది చెట్టు నుండి వచ్చినదా, కర్మాగారం నుండి వచ్చినదా అని చూడవు. నిమ్మ, నారింజ తొక్కల నూనెలలోని లిమొనీన్ కూడా ఐరోపాలో పేరుతో ప్రకటించవలసిన ఎలర్జీ కారకమే.

విమర్శలు

ఈ నియమాల భారం పెద్ద సంస్థల కంటె చిన్న సంస్థలపై ఎక్కువగా పడుతుందనే విమర్శ ఉన్నది. నమోదు రుసుములు, పరీక్షలు, అనువాదాలు, ప్రతినిధుల ఖర్చులు సరుకు పరిమాణంతో నిమిత్తం లేకుండా ఉంటాయి. దేశానికొక పద్ధతి ఉండటం వలన ఒకే ద్రవానికి పలు లేబుళ్ళు ముద్రించవలసి వస్తుంది. భద్రతా పరీక్షలకు జంతువులను వాడటంపైనా అభ్యంతరాలు ఉన్నాయి. మరొకవైపు, నదులలో నురుగు తగ్గడం, పిల్లలు తెరవలేని మూతలు సర్వసాధారణం కావడం ఈ నియమాల వలన సాధ్యమైనవే. భారతదేశంలో చిన్న పరిశ్రమలు నీళ్ళసీసాలలో, శీతలపానీయాల సీసాలలో ఆమ్లాన్ని, ఫినాయిల్‌ను నింపి అమ్మడం నేటికీ కనిపిస్తుంది. ఎగుమతి కోసం మార్చిన మూతను, లేబుల్‌ను దేశీయ అమ్మకాలకు కూడా వాడితే ఆ ప్రయోజనం ఇక్కడి ఇళ్ళకూ అందుతుంది.

ఇవి కూడా చూడండి

* సబ్బు
* డిటర్జెంట్
* కుంకుడు
* ఫినాయిల్
* బ్లీచింగ్ పౌడర్
* ఎగుమతి